రేటు పెరగకుండా కట్టేస్తే చిన్న కరెంటు సరఫరాదారు నిలబడగలడా?

గుణుపురం_శ్రీను
ఒడిశాలో మా గుణుపురం దగ్గర కొండ మీది నాలుగైదు ఊళ్లకు కలిపి సౌర విద్యుత్ సరఫరా పెట్టాలని నేను, మరో ఇద్దరు మిత్రులు ఏడాదిగా తిరుగుతున్నాం. ఆ ఊళ్లకు లైను వచ్చింది. అయితే వానాకాలంలో తీగల మీద చెట్టు పడిందంటే, బాగు చేసేవాళ్లు కొండ ఎక్కేసరికి వారం దాటుతుంది. చోళ్ల మర, వడ్ల మర, రెండు దుకాణాల్లో ఫ్రిజ్‌లు, ఇళ్లలో దీపాలు, ఫ్యాన్లు. మొదటి విడతకు ఇంతే. 2003 విద్యుత్ చట్టం 14వ సెక్షన్ ప్రకారం, రాష్ట్రం ప్రకటించిన గ్రామీణ ప్రాంతంలో సొంతంగా ఉత్పత్తి చేసి పంపిణీ చేసేవారికి లైసెన్సు అక్కరలేదు, భద్రతా నిబంధనలు పాటించాలి. కాబట్టి అనుమతుల దగ్గర పెద్ద చిక్కు లేదు.

చిక్కంతా రేటు దగ్గరే. ఊరి పెద్దలది ఒకటే పట్టు: మూడేళ్లు పైసా పెంచకూడదు, ఆ మాట కాగితం మీద రాసి ఇవ్వాలి. ఇంగ్లండులో ఉన్న మా మేనమామ కొడుకుకు ఫోనులో ఈ సంగతి చెబితే, "రాసి ఇవ్వకు బావా, ఇక్కడ చిన్న కంపెనీలన్నీ అలాగే మునిగాయి" అన్నాడు. అక్కడ జరిగింది ఏమిటి? మన కొండల్లో అది వర్తిస్తుందా? తెలిసినవారు విడమరచి చెప్పండి.

జయపురం_జ్యోతి
రాసి ఇవ్వకండి. మూడేళ్లలో బ్యాటరీ ధర ఎంత అవుతుందో మీకు తెలుసా? ఊరి పెద్దలకు తెలుసా?

రాయగడ_రమణి
ఎందుకు రాసి ఇవ్వకూడదు? కొండ మీద ఊళ్లలో ఇంటికి నెలకు చేతిలో ఆడే డబ్బు ఎంతో శ్రీను గారికి నేను చెప్పనక్కరలేదు. జీడిపిక్కలు అమ్మిన నెలలో ఉంటుంది, తరువాత ఉండదు. మొదట తక్కువ రేటు చెప్పి, మీటరు పెట్టి, అలవాటు చేసి, ఆపైన పెంచుకుంటూ పోతే వాళ్లు ఎవరికి చెప్పుకోవాలి? మీకు లైసెన్సు లేదంటే మీ మీద ఫిర్యాదు వినే విద్యుత్ నియంత్రణ కమిషనూ లేనట్టే. పెద్దలు అడిగింది న్యాయమైన మాటే.

లెస్టర్_నరేశ్
శ్రీను గారి మేనమామ కొడుకు చెప్పింది నిజమే గానీ సగమే చెప్పారు. నాది పర్లాకిమిడి. 2021 చివరి దాకా ఇక్కడ ఒక చిన్న విద్యుత్ కంపెనీలో బిల్లుల విభాగంలో పనిచేశాను. ఆ కంపెనీకి సొంత విద్యుత్ కేంద్రం లేదు, సొంత తీగలు లేవు. టోకు మార్కెట్లో కొని ఇళ్లకు అమ్మి, మధ్యలో మిగిలినదానితో బతకడమే దాని వ్యాపారం. 2018 నాటికి ఈ దేశంలో ఇళ్లకు కరెంటు, గ్యాస్ అమ్మే కంపెనీలు డెబ్బై దాకా ఉండేవి. వాటిలో ఎక్కువ మా వంటివే.

2019 జనవరి 1 నుంచి ఇక్కడి నియంత్రణ సంస్థ ఆఫ్‌జెమ్ ఇళ్ల రేటుకు గరిష్ఠ పరిమితి పెట్టింది. దాన్ని ఆరు నెలలకోసారి మాత్రమే సవరించేవారు. అంటే ఆ ఆరు నెలలూ రేటు కట్టేసినట్టే. 2021 వేసవి దాటాక గ్యాస్ టోకు ధర ఎగబాకింది, దానితోపాటు కరెంటు ధరా ఎగబాకింది. అక్టోబరులో పరిమితి, కరెంటు గ్యాస్ కలిపి మామూలు వాడకం ఉన్న ఇంటికి ఏడాదికి 1,277 పౌండ్లు. కొనుబడి దాన్ని ఎప్పుడో దాటిపోయింది. 2022 ఏప్రిల్‌లో పరిమితిని 1,971 పౌండ్లకు పెంచారు. మధ్యలోని ఆ చలికాలాన్ని ఎవరు మోయాలి?

మా కంప్యూటర్ తెర మీద ఒక్కో ఖాతా పక్కన రెండు అంకెలు కనిపించేవి: కొనుబడి, అమ్మకం. మొదటి అంకె రెండోదాన్ని దాటిన వారం నుంచి కొత్తగా చేరతామని ఫోను చేసినవారిని "ఇప్పుడు చేర్చుకోవడం లేదు" అని పంపించేయమన్నారు. పెద్ద కంపెనీల నుంచి జనాన్ని లాక్కోవడానికే పుట్టిన కంపెనీ, వచ్చిన జనాన్ని వెనక్కి పంపింది. ఆ తరువాత ఎక్కువ కాలం నిలవలేదు.

2021 రెండో సగం నుంచి 2022 మధ్య వరకు దాదాపు ముప్పై కంపెనీలు మూతపడ్డాయి. వాటిలో పెద్దదైన బల్బ్ అనే కంపెనీకి పదిహేను లక్షలకు పైగా వినియోగదారులు ఉండేవారు. అది 2021 నవంబరులో ప్రభుత్వ ఖర్చుతో నడిచే ప్రత్యేక నిర్వహణలోకి వెళ్లింది.

రాయగడ_రమణి
మరి ఆ ఇళ్లకు కరెంటు ఆగిందా? ముందుగా కట్టిన డబ్బు పోయిందా?

లెస్టర్_నరేశ్
ఆగలేదు, పోలేదు. ఆఫ్‌జెమ్ వాళ్లను వేరే కంపెనీకి మార్చింది. ముందుగా కట్టిన డబ్బు కొత్త కంపెనీలో జమ అయింది. అయితే ఆ మార్పిడికి అయిన ఖర్చు 270 కోట్ల పౌండ్లు అని ఇక్కడి జాతీయ ఆడిట్ కార్యాలయం 2022లో లెక్క తేల్చింది. ఇంటికి 94 పౌండ్ల చొప్పున అందరి బిల్లుల్లోనూ పడింది.

రాయగడ_రమణి
అదే నేను అడుగుతున్నది. తక్కువకు అమ్మి జనాన్ని చేర్చుకున్నది ఆ చిన్న కంపెనీలు, కష్టం వచ్చినప్పుడు కట్టింది ఊరంతా. జనం ముందుగా కట్టిన డబ్బునే పెట్టుబడిగా వాడుకున్న కంపెనీలు కూడా ఉన్నాయని చదివాను. వాళ్ల మీద జాలి ఎందుకు?

కోరాపుట్_కిరణ్
రమణి గారితో సగం ఏకీభవిస్తాను. నరేశ్ గారూ, పరిమితి ఒక్కటే ముంచిందంటే నేను ఒప్పుకోను. పెద్ద కంపెనీలకూ అదే పరిమితి ఉంది కదా, అవి ఎలా నిలబడ్డాయి? చలికాలానికి కావలసిన కరెంటుకు ఏడాది ముందే బేరం కుదుర్చుకున్నాయి కాబట్టి. చిన్నవి రేపటి కరెంటు ఈరోజు కొన్నాయి. అది వ్యాపారం చేసే పద్ధతేనా?

లెస్టర్_నరేశ్
కొందరి విషయంలో మీ మాట నూటికి నూరుపాళ్లు నిజం. కాకపోతే ముందస్తు బేరానికి హామీ సొమ్ము కట్టాలి. ధర కదిలినకొద్దీ ఇంకా కట్టమంటారు. సొంత విద్యుత్ కేంద్రాలు ఉన్న కంపెనీకి బ్యాంకు అప్పిస్తుంది. నాలుగు గదుల కార్యాలయం తప్ప ఆస్తి లేని కంపెనీకి ఎవరిస్తారు?

ఇంకో సంగతి. 2013 సెప్టెంబరులో లేబర్ పార్టీ నాయకుడు ఎడ్ మిలిబాండ్, తాము గెలిస్తే 2017 ఆరంభం దాకా ఇరవై నెలలు కరెంటు, గ్యాస్ ధరలు కదలనివ్వమని ప్రకటించారు. మర్నాడే సెంట్రికా, ఎస్ఎస్ఈ వంటి పెద్ద కంపెనీల షేర్లు పడ్డాయి. ఆ ఎస్ఎస్ఈనే 2014 మార్చిలో, 2016 జనవరి దాకా ఇళ్ల రేట్లు పెంచబోమని తనంతట తానే ప్రకటించింది. దానికి సొంత విద్యుత్ కేంద్రాలు ఉన్నాయి, తీగల వ్యాపారమూ ఉంది. ఒకచోట తగ్గితే ఇంకోచోట పూడ్చుకుంటుంది. అదే మాట ఒక చిన్న కంపెనీ ఇవ్వగలదా? పెద్దవాళ్లను అదుపు చేయడానికని రేటు కట్టేస్తారు. ఆ కట్టును పెద్దవాళ్లే తట్టుకుంటారు.

జయపురం_జ్యోతి
చివరికి ఆ ఇరవై నెలల కట్టడి అమలైందా?

లెస్టర్_నరేశ్
లేదు, 2015లో ఆ పార్టీ ఓడిపోయింది. ఈలోగా టోకు ధరలు పడిపోవడం మొదలైంది. రేటు కట్టేస్తే తగ్గాల్సిన బిల్లు కూడా తగ్గదేమోనని జనం అడిగారు. దాంతో 2015 జనవరిలో, ఇది పెరగకుండా పెట్టే హద్దు మాత్రమే, తగ్గడానికి అడ్డు లేదని వివరణ ఇచ్చుకున్నారు. ఆ పడిపోయిన ధరల కాలంలోనే చిన్న కంపెనీలు పుట్టగొడుగుల్లా వచ్చాయి. ఏ రోజుకారోజు చవకగా కొని పెద్దవాళ్లకంటే తక్కువకు అమ్మాయి. బతికించిన అలవాటే 2021లో ముంచింది.

బరంపురం_భాస్కర్
ఇంగ్లండు దాకా వెళ్లనక్కరలేదు, మా ఇంట్లోనే జరిగింది. బడాబజార్ పక్క వీధిలో మా నాన్న జనరేటరు పెట్టి దుకాణాలకు లైన్లు ఇచ్చేవారు. సాయంత్రం కరెంటు పోతే బల్బుకు ఇంత, ఫ్యానుకు ఇంత. ఏ దుకాణంలో ఎన్ని బల్బులో ఆ దుకాణం గోడ మీదే సుద్దతో రాసి ఉండేది. ఎవరైనా చెప్పకుండా ఇంకో బల్బు పెట్టుకుంటే ఇంజను చప్పుడు మారేది. నాన్న వీధిలోకి వచ్చి ఒక్కో దుకాణం చూసుకుంటూ పోయేవారు.

2013 జనవరి నుంచి కేంద్రం డీజిల్ ధరను నెలనెలా అర్ధరూపాయి చొప్పున పెంచుకోనిచ్చింది. అందరికీ గుర్తుండే ఉంటుంది. నాన్న కూడా కొంచెం పెంచుదామనుకున్నారు. అంతలో అక్టోబరు 12న ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. బరంపురం అంతా చీకటి. వర్తకుల సంఘం కూర్చుని, ఆపద సమయంలో ఎవరూ రేటు పెంచకూడదని తీర్మానించింది. మంచి ఉద్దేశమే. సాయంత్రం గంటా రెండు గంటలకని లెక్క వేసుకున్న రేటు అది. ఇప్పుడు పగలూ రాత్రీ నడపాలి. డీజిల్ బంకులో దొరకదు, బయట దొరికినచోట వాళ్లు చెప్పిందే ధర. రేటు మాత్రం పాతది.

మా వీధికి అవతల పెద్ద జనరేటర్లు అద్దెకిచ్చే ఆయన ఒకరు ఉండేవారు. ఆయనకు ఫోను టవర్ల ఒప్పందం ఉంది, గోదాములో డ్రమ్ములతో డీజిల్ ఉంది. ఆయన పాత రేటుకే నడిపారు, ఇంకా రెండు వీధులకు లైన్లు లాగారు. నాన్న అప్పు చేసి కొంతకాలం నడిపి, ఆ తరువాత ఆపేశారు. గోడల మీద సుద్ద రాతలు చెరపకముందే మా దుకాణాలన్నీ ఆయన వైపు వెళ్లిపోయాయి. కరెంటు వచ్చాక ఆయన రేటు పెంచితే ఎవరూ మాట్లాడలేదు. మాట్లాడితే లైను ఇచ్చేవారు ఇంకెవరున్నారు?

అమ్మవారి_జాతర_అభిమాని
భాస్కర్ గారూ, ఆ ఇంజను చప్పుడు మా మేడ మీదికి వినిపించేది. దాన్ని వింటూనే నేను ఇంటర్ పరీక్షలకు చదివాను. అత్తెసరు మార్కులకు కారణం అదేనని ఇంట్లో ఇప్పటికీ వాదిస్తాను.

బరంపురం_భాస్కర్
నాన్నకు చెబుతాను, సంతోషిస్తారు. ఆయనకు ఆ ఇంజనంటే ఇప్పటికీ ప్రాణం.

రాయగడ_రమణి
భాస్కర్ గారి పోస్టు చదివాక ఒక మాట. తుఫాను చీకట్లో రేటు పెంచనివ్వకపోవడం తప్పని నేను అనలేను. సంఘం చేయాల్సింది ఇంకొకటి ఉంది: తలా కొంత వేసుకుని ఆయనకు డీజిల్ కొనిపెట్టాల్సింది. ధర ఆపమనేవాళ్లు తేడా ఎవరు కడతారో కూడా అక్కడే తేల్చాలి.

పర్లాకిమిడి_పంతులు
రమణి గారు చెప్పినదే మన చట్టంలో ఉంది. విద్యుత్ చట్టం 65వ సెక్షన్ చూడండి. కమిషన్ నిర్ణయించిన రేటు కంటే తక్కువకు ఏ వర్గానికైనా ఇవ్వమని రాష్ట్ర ప్రభుత్వం అంటే, ఆ రాయితీ సొమ్మును ముందుగా చెల్లించాలి. చెల్లించకపోతే ఆ ఆదేశం చెల్లదు. ఇంత స్పష్టంగా రాసిన చట్టం ఉండి కూడా పంపిణీ సంస్థలు బకాయిల్లో మునగడానికి కారణం, ఆ "ముందుగా" అన్నది చాలా రాష్ట్రాల్లో ఏళ్ల తరబడి "తరువాత చూద్దాం" కావడమే.

మన ఒడిశా చరిత్ర కూడా చెబుతాను. విద్యుత్ పంపిణీని ప్రైవేటుకు ఇచ్చిన మొదటి రాష్ట్రం మనదే, 1999లో. మధ్య ఒడిశా తీసుకున్న అమెరికా కంపెనీ ఏఈఎస్, అదే ఏడాది మహాతుఫాను దెబ్బ తిని 2001లో వెళ్లిపోయింది. మిగిలిన మూడు సంస్థల లైసెన్సులను 2015లో కమిషన్ రద్దు చేసింది. మధ్యలో 2001 తరువాత దాదాపు తొమ్మిదేళ్లు చిల్లర రేటు పెద్దగా కదలలేదు. జనం సంతోషించారు, నేనూ సంతోషించాను. ఆ ఏళ్లలోనే మా వీధిలో స్తంభాలు తుప్పు పట్టాయి, కాలిన ట్రాన్స్‌ఫార్మర్ మార్చడానికి చందాలు వేసుకున్నాం. అందుకు రేటు ఒక్కటే కారణం కాదు, దొంగ కరెంటు, వసూళ్ల అలసత్వం కూడా ఉన్నాయి. అయినా రేటు కదలని ఏళ్లలో మొదట ఆగేది మరమ్మతే.

సిరోంచ_వెంకన్న
ఇటు మహారాష్ట్రలో శ్రీరాంపూర్ దగ్గర ముళా ప్రవరా విద్యుత్ సహకార సంఘం ఉండేది. రాష్ట్ర బోర్డు దగ్గర టోకుగా కొని రైతులకు పంచేది. పంపుసెట్లకు గుర్రపుశక్తి (హెచ్‌పీ) లెక్కన స్థిరమైన రేటు. వాడకం ఎంతైనా వచ్చేది అంతే, బోర్డుకు కట్టాల్సింది మాత్రం యూనిట్ల లెక్కన. బకాయిలు కొండలా పెరిగాయి. 2011 జనవరిలో లైసెన్సు ముగిసింది, ఆ ఊళ్లు రాష్ట్ర పంపిణీ సంస్థ కిందికి వెళ్లాయి. అటు 1970లో మొదలైన సిరిసిల్ల సెస్, అదీ విద్యుత్ సహకార సంఘమే, ఇంకా నడుస్తోంది. గోదావరి దాటితే మాకు చుట్టాలు అటే, నేను చూస్తూనే ఉంటాను.

దెగ్లూర్_గంగాధర్
ముళా ప్రవరా రేటు వల్లే పోయిందనడం అన్యాయం వెంకన్న గారూ. అక్కడ రాజకీయం ఎంత, నష్టాలు ఎంత, వసూలు ఎంత? రేటు పెంచి ఉంటే మాత్రం నిలిచేదా?

సిరోంచ_వెంకన్న
రాజకీయం సిరిసిల్లలో లేదా గంగాధర్ గారూ? పాలకవర్గం ఎన్నికలు చూశారా? తేడా ఎక్కడంటే, అటు ఉచిత కరెంటుకు, మరమగ్గాల రాయితీకి ప్రభుత్వం సంఘానికి సొమ్ము కట్టాలన్న లెక్క ఉంది. ఆలస్యమైతే సంఘం అడుగుతుంది, పత్రికల్లో వస్తుంది. బాకీదారు ఎవరో అందరికీ తెలుసు.

దెగ్లూర్_గంగాధర్
బాకీదారు తెలిసినంత మాత్రాన డబ్బు రాదు. అయినా మీ మాటలో కొంత ఉంది.

కోరాపుట్_కిరణ్
శ్రీను గారి అసలు ప్రశ్నకు వస్తాను. మీది సౌర విద్యుత్, మీకు ఇంధనం కొనే పని లేదు. ఇంగ్లండు కథ మీకు సూటిగా వర్తించదు. మీరు రాసిచ్చే మూడేళ్ల మాట కంటే, పక్కనున్న గ్రిడ్ రేటు కదలకపోవడమే మీకు పెద్ద ముప్పు. ఒడిశాలో 2022-23 నుంచి 2025-26 దాకా ఇళ్ల రేటు పెంచలేదు. మొదటి యాభై యూనిట్లకు యూనిట్ మూడు రూపాయల దగ్గరే. అది ఎలా సాధ్యమైంది? పాత జలవిద్యుత్ వల్ల. మా జిల్లాలోనే మాచ్‌ఖండ్ 1955లో మొదలైంది, ఎగువ కోలాబ్ 320 మెగావాట్లు, పక్కన బలిమెల 510, ఎగువ ఇంద్రావతి 600. ఎప్పుడో అప్పు తీరిన చవక కరెంటు అది. దానికి తోడు, దక్షిణ ఒడిశా పంపిణీ సంస్థకు టోకు ధరను రాష్ట్రంలోనే తక్కువగా పెడతారు, ఎందుకంటే ఇక్కడ పరిశ్రమలు తక్కువ, చిన్న ఇళ్లు ఎక్కువ.

ఆ లెక్కలేవీ మీకు లేవు. బ్యాటరీ అప్పుతో కలిపి మీ యూనిట్ దానికి కొన్ని రెట్లు అవుతుంది. ఊరివాళ్లు "కింద మూడు రూపాయలే" అంటారు. వాళ్ల తప్పు లేదు. వానాకాలంలో మీరు కావాలి, మిగతా నెలల్లో గ్రిడ్ చాలు. అంటే సంవత్సరం పొడవునా అప్పు కట్టే మీకు నాలుగు నెలలే అమ్మకం. దీని గురించి ఆలోచించారా?

గుణుపురం_శ్రీను
ఆలోచించాను గానీ ఇంత స్పష్టంగా కాదు. మరలు మాత్రం సంవత్సరం పొడవునా మా దగ్గరే తీసుకుంటామన్నారు, గ్రిడ్‌లో వోల్టేజీ చాలక మోటారు లాగదు. మా ఆశంతా ఆ మరల మీదే.

జయపురం_జ్యోతి
అయితే ఇళ్ల రేటు, మరల రేటు విడదీయండి. ఇళ్లకు మూడేళ్లు కదలదని రాసి ఇవ్వండి. మర యజమానికి నెలనెలా ఆదాయం ఉంది, అతని రేటును ఖర్చుతోపాటు కదలనివ్వండి.

రాయగడ_రమణి
ఇది బాగుంది. అయితే ఆ కదలిక ఎలాగో కూడా ముందే రాయాలి. "ఖర్చు పెరిగింది" అని మీరు చెబితే సరిపోదు. బ్యాటరీ కొన్న బిల్లు, జీతాల లెక్క ఏడాదికోసారి గ్రామసభలో చదవాలి.

బరంపురం_భాస్కర్
ఆపద మాట కూడా రాయండి. 2018లో తిత్లీ వచ్చినప్పుడు గజపతి జిల్లా ఏమైందో చూశాం. పలకలు ఎగిరిపోతే, డీజిల్ జనరేటరు తెచ్చి నడపాల్సి వస్తే, ఆ రోజుల తేడా ఎవరిది? పాత రేటుకే ఇవ్వాలంటే డీజిల్ పంచాయతీ కొనాలి. మా నాన్న పడిన బాధ ఇంకొకరు పడకూడదు.

పర్లాకిమిడి_పంతులు
65వ సెక్షన్ కమిషన్ రేట్లకు సంబంధించినది, లైసెన్సు లేని మీకు అది రక్షణ కాదు. అందువల్ల అదే సూత్రాన్ని మీ ఒప్పందంలోకి తెచ్చుకోవాలి: రేటు ఆపమన్నవారు తేడాను ముందుగా జమ చేయాలి. జమ కాకపోతే ఆ నెల ఆపడం వర్తించదు. రెండు వాక్యాలు చాలు.

లెస్టర్_నరేశ్
పంతులు గారి మాటకు ఇక్కడి రుజువు ఉంది. 2022 అక్టోబరులో పరిమితి 3,549 పౌండ్లకు చేరాల్సి ఉంటే, ప్రభుత్వం మామూలు ఇంటి బిల్లును 2,500 దగ్గర ఆపి, తేడాను కంపెనీలకు తానే కట్టింది. ఆ చలికాలంలో ముందటి ఏడాదిలా కంపెనీలు వరసగా కూలలేదు. అప్పటికి బలహీనమైనవి పోయాయన్నది కూడా నిజమే. అయినా రేటు ఆపడం ఒక్కటే తేడా అయితే మళ్లీ కూలేవి. ఖజానా మీద భారం పడింది, దాని మీద ఇక్కడ వాదనలు ఆగలేదు. కానీ భారం ఎవరిదో మొదటి రోజే చెప్పారు.

కోరాపుట్_కిరణ్
ఇంకో షరతు చేర్చండి శ్రీను గారూ. కింద లైను బాగుపడి ఇరవై నాలుగు గంటలూ వస్తే మీ తీగలు, స్తంభాలు ఏమవుతాయి? పంచాయతీ తీసుకుంటుందా, పంపిణీ సంస్థతో మాట్లాడతారా? అది రాయకుండా మొదలుపెడితే రేటు ఎంత ఉన్నా మునుగుతారు.

గుణుపురం_శ్రీను
అందరి మాటలూ కలిపి ముసాయిదా రాశాను. ఇళ్లకు దీపాలు, ఫ్యాన్ల వరకు మూడేళ్లు ఒకే రేటు. మరలకు, ఫ్రిజ్‌లకు ఏడాదికోసారి మార్పు, గ్రామసభలో లెక్క చదివాకే. ప్రతి బిల్లులోనూ కొంత సొమ్ము బ్యాటరీ నిధికి, అది వేరే ఖాతాలో. తుఫాను రోజుల్లో డీజిల్ పంచాయతీది, మనిషి కష్టం మాది. మధ్యలో ఎవరైనా రేటు ఇంకా తగ్గించమన్నా, ఆపమన్నా తేడా ముందుగా జమ. గ్రిడ్ బాగుపడితే తీగలు, స్తంభాలు పంచాయతీకి, మిగిలిన అప్పులో సగం వాళ్లు, సగం మేము. ఈ చివరి షరతుకు పెద్దలు ఒప్పుకుంటారో లేదో ఆదివారం కూర్చున్నాక తెలుస్తుంది.

రాయగడ_రమణి
బ్యాటరీ నిధి ఖాతా ఎవరి పేరున?

గుణుపురం_శ్రీను
సర్పంచ్, మహిళా సంఘం అధ్యక్షురాలు, నేను. ముగ్గురి సంతకాలు ఉంటేనే డబ్బు తీయాలి.

రాయగడ_రమణి
మీ సంతకం ఎందుకు? సర్పంచ్, మహిళా సంఘం చాలు. మీకు కావలసింది బ్యాటరీ, ఖాతా కాదు.

గుణుపురం_శ్రీను
సరే, తీసేస్తాను. ఒప్పందం ఒడియాలో కూడా కావాలి. ఒడియా చక్కగా రాసేవారు ఎవరైనా ఉంటే శనివారం లోపల చెప్పండి.

పర్లాకిమిడి_పంతులు
నేను రాసి పెడతాను. ముసాయిదా పంపించండి.